అమెరికాలో గృహహింస నుంచి బయటపడాలంటే: వీసా పోకుండా, కాగితాలు చెడకుండా ఏ దారి ఎలా పట్టుకోవాలి

"నీ వీసా నా చేతిలో ఉంది. ఒక్క ఫోన్ కొడితే ఇండియా ఫ్లైట్ ఎక్కిస్తారు." దెబ్బల కంటే ఎక్కువగా భార్యను ఆ ఇంట్లో కట్టిపడేసే మాట ఇదే. ఇందులో నిజం చాలా తక్కువ. భార్యకు వచ్చే హెచ్-4 వీసా, భర్త ఉద్యోగ వీసా హెచ్-1బీ మీద ఆధారపడిన మాట వాస్తవమే. కానీ ఫోన్ చేసి మీ స్టేటస్ రద్దు చేయించే అధికారం అతనికి లేదు. మీరు వేరే ఇంటికి మారినంత మాత్రాన కూడా హెచ్-4 పోదు. మీ ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు దాటితే, అతని హెచ్-1బీ పోతే, లేదా విడాకుల డిక్రీ వస్తే పోతుంది.

ఈ మూడింటిలో చాలామంది చూసుకోనిది మూడోది. డిక్రీ వచ్చిన రోజుతో కొన్ని దారులు వెంటనే మూసుకుపోతాయి, ఇంకొన్ని సరిగ్గా రెండేళ్లకు మూసుకుపోతాయి. అందుకే ముందే ఒక మాట: ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా విడాకుల కాగితం మీద సంతకం పెట్టకండి. విడాకుల లాయర్ ఎంత మంచివారైనా, ఇమిగ్రేషన్ వారి పని కాదు. ఇద్దరు లాయర్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూసుకోవాలి. అలాగే అతను వేసిన విడాకుల కేసు నోటీసు మీకు అందితే దాచిపెట్టి ఊరుకోవద్దు. జవాబు వేయకపోతే మీరు లేకుండానే డిక్రీ వచ్చేస్తుంది.

ఇక్కడ భార్య, భర్త అని రాస్తున్నది చదవడానికి వీలుగా ఉంటుందని. ఈ చట్టాలు మగవారికీ వర్తిస్తాయి. కొడుకు దగ్గరికి వచ్చి దెబ్బలు తింటున్న తల్లిదండ్రుల సంగతి కూడా కిందే ఉంది.

ఇల్లు వదలకముందు

ప్రాణం మీదికి వస్తే ఇవేవీ చూడకండి, 911కు ఫోన్ చేయండి. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని మొదటి వాక్యంలోనే అడగండి. పోలీసులు వచ్చాక కూడా అదే అడగండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా కేసులు తలకిందులయ్యేది ఇక్కడే. అతను గడగడా ఇంగ్లిష్‌లో తన కథ చెప్పేస్తాడు, అతని చేతి మీద మీ గోటి గీత చూపిస్తాడు, మీరు ఏడుస్తూ నిలబడతారు. చివరికి అరెస్టయ్యేది మీరే, లేదా ఇద్దరూ. అలా అరెస్టయితే క్రిమినల్ లాయర్ ఏదైనా నేరాన్ని ఒప్పుకోమన్నప్పుడు, దాని ఇమిగ్రేషన్ పర్యవసానం తెలుసుకోకుండా ఒప్పుకోవద్దు. కేసు కొట్టేసినా కోర్టు ఇచ్చిన తుది ఉత్తర్వు కాపీ దాచుకోవాలి. తర్వాత ప్రతి దరఖాస్తులోనూ అడుగుతారు.

కాస్త సమయం ఉంటే ఈ కాగితాలు ఫోటో తీసి, అతనికి తెలియని కొత్త ఈమెయిల్‌కు పంపుకోండి: మీ పాస్‌పోర్టు, వీసా పేజీ, ఐ-94, ఇమిగ్రేషన్ శాఖ నుంచి ఇంటికి వచ్చిన ప్రతి ఐ-797 నోటీసు, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఇంటి లీజు, ట్యాక్స్ రిటర్న్. ముఖ్యంగా అతని కాగితాలు: గ్రీన్ కార్డు ముందు వెనక, లేదా అమెరికన్ పాస్‌పోర్టు, లేదా హెచ్-1బీ ఆమోదం నోటీసు, ఒక పే స్లిప్. అతని స్టేటస్ ఏమిటో రుజువు చేయాల్సింది మీరే. బయటికి వచ్చాక ఆ కాగితం సంపాదించడం చాలా కష్టం. ఐ-94 మాత్రం పాస్‌పోర్టు నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి మీరే తీసుకోవచ్చు. పాస్‌పోర్టు అతను లాక్కుంటే పోలీసు రిపోర్టు రాయించి, భారత కాన్సులేట్ ద్వారా కొత్తదానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఫోన్ జాగ్రత్త. ఫ్యామిలీ ప్లాన్ అతని పేరు మీద ఉంటే మీరు ఎవరికి ఫోన్ చేశారో బిల్లులో కనిపిస్తుంది. ఫోటోలు ఇద్దరికీ కలిపి ఉన్న క్లౌడ్ అకౌంట్‌లోకి వెళ్తుంటే మీరు తీసిన ప్రతి కాగితం అతని ఫోన్‌లో ప్రత్యక్షమవుతుంది. 2022లో వచ్చిన సేఫ్ కనెక్షన్స్ చట్టం ప్రకారం, హింసకు గురైనవారు కాగితాలతో అడిగితే ఫోన్ కంపెనీ రెండు పని దినాల్లో మీ లైను ఆ ప్లాన్ నుంచి విడదీయాలి. అయితే లైను విడిపోయిందని అతనికి తెలిసే అవకాశం ఉంది కనుక, ఇల్లు వదిలిన తర్వాతే ఆ పని చేయడం మేలు.

జాతీయ గృహహింస హాట్‌లైన్ నంబరు 1-800-799-7233. 24 గంటలూ పనిచేస్తుంది, ఇంటర్‌ప్రెటర్‌ను లైనులోకి తీసుకుంటారు. దక్షిణాసియా మహిళల కోసమే పనిచేసే సంస్థలు కూడా ఉన్నాయి: న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి, హ్యూస్టన్‌లో దయా, అట్లాంటాలో రక్ష, చికాగోలో అప్నా ఘర్, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి, నారిక. అత్తగారి మాట, కట్నం గొడవ, "నలుగురూ ఏమనుకుంటారు" అన్న భయం వీళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

దారి ఏదన్నది అతని కాగితాన్ని బట్టి

అతను అమెరికా పౌరుడో గ్రీన్ కార్డుదారుడో అయితే వావా (మహిళలపై హింస నిరోధక చట్టం) కింద మీరే స్వయంగా పిటిషన్ వేసుకోవచ్చు. అతను ఇంకా హెచ్-1బీ మీదే ఉంటే వావా తలుపు తెరుచుకోదు. అప్పుడు మిగిలేవి గృహహింసకు గురైన హెచ్-4 భార్యల వర్క్ పర్మిట్, నేర బాధితులకిచ్చే యూ వీసా, సొంతంగా మరో స్టేటస్‌కు మారడం. మీకు ఇప్పటికే రెండేళ్ల గ్రీన్ కార్డు ఉంటే, దాని షరతులు తీయించుకునే ఐ-751 ఫారంలో అతని సంతకం నుంచి మినహాయింపు. ఇమిగ్రేషన్ కోర్టులో కేసు నడుస్తుంటే ఆ కోర్టులోనే అడిగే వేరే రక్షణ ఉంది. యూ వీసాకు మాత్రం అతని స్టేటస్‌తో పనే లేదు. అతను పెళ్లి చేసుకోకుండా కలిసి ఉన్న మనిషైనా సరే.

వావా: అతని సంతకం అక్కర్లేని గ్రీన్ కార్డు దారి

1994లో వచ్చిన చట్టం ఇది. ఫారం ఐ-360 మీరే వేస్తారు, ఫీజు లేదు, అతనికి కబురు వెళ్లదు. ఇమిగ్రేషన్ శాఖ మీ కేసు గురించి అతనికి చెప్పకూడదని, అతను ఇచ్చిన సమాచారం ఒక్కదాన్నే పట్టుకుని మీమీద చర్య తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. అతను మీకోసం వేసిన గ్రీన్ కార్డు పిటిషన్ ఐ-130ని వెనక్కి తీసుకోవచ్చు. మీరు వేసిన ఐ-360ని తాకలేడు.

రుజువు చేయాల్సినవి ఇవి: అతని స్టేటస్, చెల్లుబాటయ్యే పెళ్లి, ఆ పెళ్లి గ్రీన్ కార్డు కోసం కాకుండా మనస్ఫూర్తిగా చేసుకున్నారన్నది, ఇద్దరూ ఒక ఇంట్లో కాపురం చేశారన్నది, కొట్టడం లేదా తీవ్రమైన క్రూరత్వం, మీ సత్ప్రవర్తన. సత్ప్రవర్తనకు సాధారణంగా గత మూడేళ్లలో ఆరు నెలలు, అంతకు మించి ఉన్న ప్రతి చోటు నుంచీ పోలీసు క్లియరెన్స్ పెడతారు. ఆ మూడేళ్లలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అన్నాళ్లు ఉండి ఉంటే అక్కడిదీ కావాలి. అదే ఆలస్యమవుతుంది, ముందే మొదలుపెట్టండి.

విడాకులై ఉంటే డిక్రీ తేదీ నుంచి రెండేళ్లలోపు పిటిషన్ వాళ్లకు చేరాలి, ఆ విడాకులకు హింసే కారణమని చూపాలి. రెండేళ్ల ఒక రోజుకు చేరినా తిప్పి పంపుతారు, ఏ సాకూ పనిచేయదు. ఐ-360 ఆమోదం రాకముందే మళ్లీ పెళ్లి చేసుకుంటే తిరస్కరిస్తారు. ఆమోదం వచ్చాక చేసుకుంటే ఇబ్బంది లేదు.

పెళ్లయ్యాక అతనికి అంతకుముందే ఇంకో భార్య ఉందని, విడాకులు కాలేదని బయటపడితే? మీ పెళ్లి చట్టం ముందు చెల్లదు కానీ, ఆ సంగతి తెలియక మీరు నమ్మి పెళ్లి చేసుకున్నారని చూపగలిగితే ఈ దారి మూసుకుపోదు. పెళ్లి ఫోటోలు, శుభలేఖ, పురోహితుడి, పెళ్లికి వచ్చినవాళ్ల అఫిడవిట్లు ఇక్కడ అక్కరకొస్తాయి.

అతను పౌరుడైతే ఐ-360తో పాటే గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 కూడా వేయొచ్చు. దాని మీద వర్క్ పర్మిట్ వస్తుంది. అతను గ్రీన్ కార్డుదారుడైతే ఎఫ్2ఏ (గ్రీన్ కార్డుదారుల భార్యలు, పిల్లల) వరుసలో మీ తేదీ వచ్చేదాకా ఆగాలి. ఎవరి తేదీ వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ ప్రతి నెలా చూసుకోవాలి. అతను గతంలో మీకు ఐ-130 వేసి ఉంటే ఆ పాత తేదీ మీకే దక్కుతుంది. మీ వీసా గడువు దాటిపోయి ఉన్నా వావా కింద ఐ-485 వేయొచ్చు. ఆర్థిక స్పాన్సర్ అఫిడవిట్ అక్కర్లేదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండని, పెళ్లికాని పిల్లల పేర్లు అదే పిటిషన్‌లో రాయండి.

నిర్ణయం రావడానికి నెలలు కాదు, ఏళ్లు పడుతుంది. ఆ మధ్యలో చిరునామా మారితే పది రోజుల్లో తెలియజేయాలి. ఉత్తరాల కోసం ఫారంలో సురక్షిత చిరునామా అని వేరే గడి ఉంటుంది. అక్కడ లాయర్ ఆఫీసు చిరునామా ఇవ్వడం అన్నిటికన్నా నయం. స్నేహితురాలి ఇల్లు ఇస్తే, ఆవిడ భర్త, మీ భర్త ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నారేమో ఆలోచించుకోండి. మన ఊళ్ల మనుషుల మధ్య కవరు మీద పేరు చాలు, కబురు వెళ్లిపోవడానికి.

తల్లిదండ్రులకూ ఇదే ఫారం. కొడుకో కూతురో అమెరికా పౌరసత్వం తీసుకుని, 21 ఏళ్లు నిండి ఉండి, కన్నవాళ్లను కొడుతున్నా, గదిలో పెట్టి తాళం వేస్తున్నా, ఆ తల్లి లేదా తండ్రి సొంతంగా ఐ-360 వేయొచ్చు. పిల్లలకు గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే తల్లిదండ్రులకు ఈ దారి లేదు.

కేసును నిలబెట్టేది మీ వాంగ్మూలం

పోలీసు రిపోర్టు లేదని చాలామంది ఆగిపోతారు. అది తప్పనిసరి కాదు. నమ్మదగిన ఏ ఆధారాన్నైనా పరిశీలించాలని చట్టం చెబుతోంది. అందరికీ ఉండగలిగిన ఆధారం మీ సొంత వాంగ్మూలం. దాన్ని ముందు తెలుగులోనే రాయండి. మనసులో ఉన్నది ఉన్నట్టు ఆ భాషలోనే వస్తుంది. తర్వాత రెండు భాషలూ బాగా వచ్చిన వేరొకరితో అనువాదం చేయించి, అనువాదం సరైనదేనని, ఆ పని చేసే సామర్థ్యం తమకుందని వారి సంతకం తీసుకోండి. నోటరీ అక్కర్లేదు. ఆ సంతకం కాగితం లేకుండా తెలుగు డాక్యుమెంట్ పెడితే లెక్కలోకి తీసుకోరు.

"నన్ను మానసికంగా చాలా హింసించాడు" అన్న వాక్యం చదివే అధికారికి ఏమీ చూపించదు. ఇలా రాయాలి: "జనవరిలో బయట మంచు పడుతోంది. అమ్మతో ఫోన్ మాట్లాడానని ఆ రాత్రి హీటర్ ఆపేసి, తన గదికి లోపల నుంచి గడియ పెట్టుకున్నాడు. నేనూ, ఎనిమిది నెలల పాపా వంటగదిలో ఓవెన్ తలుపు తెరిచి దాని ముందు పడుకున్నాం. పొద్దున ఆఫీసుకు వెళ్తూ పాస్‌పోర్టు తన బ్యాగులో పెట్టుకుని, పోలీసులకు చెబితే పాప నాకే వస్తుంది అన్నాడు." ఎప్పుడు, ఎక్కడ, అతను ఏమన్నాడు, మీ ఒంటికీ మనసుకూ ఏమైంది. మొదటిసారి, అన్నిటికన్నా ఘోరమైనసారి, చివరిసారి. ఈ మూడూ వివరంగా ఉండాలి. తేదీ గుర్తు లేకపోతే ఊహించి రాయొద్దు. "సంక్రాంతికి వారం ముందు", "పాప మొదటి పుట్టినరోజు తర్వాత" అంటే చాలు. ఊహించిన తేదీ ఆసుపత్రి కాగితంలోని తేదీతో కలవకపోతే మొత్తం కథనే అనుమానిస్తారు.

మరో పొరపాటు, మంచి రోజుల గురించి రాయకపోవడం. పెళ్లిచూపులు ఎలా జరిగాయి, ఎందుకు నచ్చాడు, మొదటి నెలల్లో ఎలా ఉన్నారు అన్నది రాయకపోతే పెళ్లి మనస్ఫూర్తిగా జరిగిందని రుజువయ్యేది ఎలా? కోపంతో ఆ భాగం వదిలేసినవాళ్లకే అదనపు ఆధారాలు అడుగుతూ నోటీసు వస్తుంది.

అత్తమామలు పెట్టిన బాధల గురించి రాసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. వాళ్ల హింస ఒక్కటే ఈ చట్టం కింద లెక్కకు రాదు. భర్త ఉసిగొల్పాడా, పక్కనే ఉండి సమర్థించాడా, తానూ చేయి వేశాడా అన్నది స్పష్టంగా రాయాలి.

వాంగ్మూలానికి తోడుగా వాట్సాప్ మెసేజ్‌లు తేదీ, నంబరు కనిపించేలా, కౌన్సెలర్ ఉత్తరం, డాక్టరు కాగితాలు, గాయాల ఫోటోలు, కళ్లారా చూసిన స్నేహితుల ఉత్తరాలు పెట్టండి. ఆ ఉత్తరాలన్నీ ఒకే మాటలతో ఉంటే ఎవరో రాసిచ్చినట్టు ఇట్టే తెలిసిపోతుంది. ఎవరు చూసింది వాళ్ల మాటల్లోనే ఉండాలి.

అతను హెచ్-1బీ మీదే ఉంటే

తెలుగువారిలో ఎక్కువ మంది పరిస్థితి ఇదే, చట్టం తక్కువ సాయం చేసేది కూడా ఇక్కడే. ఏ, ఈ-3, జీ, హెచ్ వీసాల (హెచ్-1బీ ఇందులోదే) మీద ఉన్నవారి భార్యలు హింసకు గురైతే ఫారం ఐ-765వీ ద్వారా సొంతంగా వర్క్ పర్మిట్ అడగవచ్చు. మామూలు హెచ్-4 వర్క్ పర్మిట్‌కు సాధారణంగా భర్త ఐ-140 (కంపెనీ అతనికోసం వేసే గ్రీన్ కార్డు పిటిషన్) ఆమోదం పొంది ఉండాలి. దీనికి ఆ షరతు లేదు. విడాకులైనా, ఆ విడాకులకు హింస కారణమైతే రెండేళ్లలోపు వేయొచ్చు. మీరు ఆ వీసా మీద దేశంలోకి వచ్చారని, అతనితో కలిసి ఉన్నారని, హింస జరిగిందని, అతని స్టేటస్ ఏమిటని చూపాలి. కార్డు రెండేళ్లకు వస్తుంది. ఎల్-2, ఎఫ్-2 వీసాల వారికి ఈ సదుపాయం లేదు.

అయితే ఇది ఉద్యోగం చేసుకునే అనుమతి మాత్రమే. దేశంలో ఉండే స్టేటస్ ఇవ్వదు. డిక్రీ వస్తే హెచ్-4 పోతుంది, చేతిలో వర్క్ పర్మిట్ ఉన్నా సరే. ఉద్యోగం పోయినవారికి ఇచ్చే 60 రోజుల గడువు విడాకులకు వర్తించదు. అందుకే డిక్రీకి ముందే వేరే స్టేటస్‌కు దరఖాస్తు పడి ఉండాలి. చదువుకోవాలనుకుంటే యూనివర్సిటీ నుంచి ప్రవేశ పత్రం ఐ-20 తెచ్చుకుని, స్టేటస్ మార్పు, పొడిగింపు ఫారం ఐ-539తో విద్యార్థి స్టేటస్ ఎఫ్-1కి. ఏదీ కుదరకపోతే కొంత సమయం కోసం సందర్శకుల స్టేటస్ బీ-2కి. పెళ్లికి ముందో తర్వాతో మీరే హెచ్-1బీ మీద పనిచేసి ఉంటే, ఆ వీసాకున్న ఆరేళ్ల గరిష్ఠ గడువులో వాడని కాలం మిగిలే ఉండొచ్చు. లాటరీ లేకుండా కొత్త కంపెనీ దాన్ని తిరిగి తీసుకోగలదు. దీన్ని మర్చిపోయేవాళ్లు చాలామంది, లాయర్‌తో మొదటి మాటల్లోనే చెప్పండి.

ఈలోగా ఐ-94 గడువు ముగుస్తుంటే, అతను పొడిగింపు వేయనని బెదిరిస్తుంటే, పెళ్లి చట్టరీత్యా ఉన్నంతకాలం ఐ-539 మీరే సంతకం పెట్టి వేసుకోవచ్చు. అతని ఐ-797 కాపీ అప్పుడు కావాలి. గడువు దాటి 180 రోజులకు మించి ఉండి దేశం విడిచి వెళితే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రానివ్వరు.

అతని గ్రీన్ కార్డు కేసులో మీరూ భాగమై, మీకు కార్డు వచ్చేసి ఉంటే విడాకులైనా అది పోదు. రాకముందే డిక్రీ వస్తే మీ ఐ-485 కూలిపోతుంది. ఇంకొక సంగతి: అతనికి గ్రీన్ కార్డు వచ్చేనాటికి మీరింకా భార్యే అయితే, హెచ్-1బీ నాడు మూసి ఉన్న వావా తలుపు అప్పుడు తెరుచుకుంటుంది. డిక్రీ తేదీ గురించి అంత నొక్కి చెప్పింది ఇందుకే. కానీ ఆ కార్డు కోసమని దెబ్బలు తింటూ అదే ఇంట్లో ఉండమని కాదు. విడిగా ఉంటూ విడాకులు ఆపుకోవచ్చు. అతన్ని దూరంగా ఉంచే ప్రొటెక్షన్ ఆర్డర్ ఇచ్చే కోర్టు మీ వీసా ఏమిటని చూడదు.

యూ వీసా

2000లో వచ్చింది. గృహహింస, అత్యాచారం, వెంటపడి వేధించడం వంటి నేరాల బాధితులు పోలీసులకు సహకరిస్తే ఇస్తారు. ఫారం ఐ-918, ఫీజు లేదు. దీనికి ప్రాణం సప్లిమెంట్ బీ అనే కాగితం: పోలీసు, ప్రాసిక్యూటర్, జడ్జి వంటి అధికారి మీరు సహకరించారని సంతకం చేయాలి. శిక్ష పడనక్కర్లేదు, అరెస్టు కూడా కానక్కర్లేదు. ఆ సంతకం తేదీ నుంచి ఆరు నెలల్లోపు ఐ-918 చేరాలి, లేదంటే కాగితం చెల్లదు. అందువల్ల మిగతా కట్ట అంతా సిద్ధం చేసుకున్నాకే సంతకానికి పంపాలి. సంతకం చేయాలన్న నిర్బంధం ఫెడరల్ చట్టంలో లేదు. కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం మాత్రం 30 రోజుల్లో తేల్చమంటుంది. పోలీసులు కాదంటే ప్రాసిక్యూటర్ ఆఫీసును, కేసు చూసిన జడ్జిని అడగవచ్చు.

ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, కనుక చాలా ఏళ్ల నిరీక్షణ. 2021 నుంచి, కేసు నిజాయితీగా ఉందని ప్రాథమికంగా తేలితే వరుసలో ఉండగానే వర్క్ పర్మిట్ ఇచ్చే పద్ధతి ఉంది. వీసా వచ్చాక మూడేళ్లు ఇక్కడే ఉంటే గ్రీన్ కార్డు అడగవచ్చు.

రెండేళ్ల గ్రీన్ కార్డు ఉన్నవారు

కార్డు వచ్చిననాటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే అది షరతులతో కూడిన కార్డు. ఐ-751 ఇద్దరూ కలిసి, గడువుకు ముందు 90 రోజుల్లో వేయాలన్నది మామూలు నియమం. హింస ఉంటే అతని సంతకం లేకుండా ఒంటరిగా, గడువుకు ఎంత ముందైనా వేయొచ్చు. విడాకులు కానక్కర్లేదు. విడాకులైపోతే ఆ కారణం కూడా అదే ఫారంలో కలిపి చూపండి. ఒకటి నిలవకపోయినా రెండోది ఆదుకుంటుంది.

కొంప ముంచే పనులు

వర్క్ పర్మిట్ వస్తుందని చెప్పి, హింస కథ అల్లి వావా వేయిస్తామనే ఏజెంట్లు ఉన్నారు. దగ్గరికి రానివ్వకండి. 2025 నుంచి, దరఖాస్తు తిరస్కరించేసరికి మీకు వేరే స్టేటస్ లేకపోతే ఇమిగ్రేషన్ కోర్టుకు నోటీసు వచ్చే ప్రమాదం పెరిగింది. లైసెన్సు ఉన్న లాయరో, న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధో అయి ఉండాలి. ఇదివరకే కోర్టులో ఉన్నవారు ఈఓఐఆర్-42బీ అనే ఫారంతో వావా కింద బహిష్కరణ రద్దు కోరవచ్చు. మూడేళ్లుగా ఇక్కడే ఉండాలి. విడాకులై రెండేళ్లు దాటినవారికీ ఇది పనికొస్తుంది.

శరణార్థి దారి గురించి ఎవరైనా చెబితే: దేశంలోకి వచ్చిన ఏడాదిలోపు వేయాలన్న నియమం ఉంది, గృహహింస కేసుల మీద అక్కడి తీర్పులు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతున్నాయి. దాన్ని మొదటి ఎంపికగా పెట్టుకోవద్దు.

ఐ-485 పెండింగ్‌లో ఉండగా అడ్వాన్స్ పెరోల్ (ముందస్తు ప్రయాణ అనుమతి) లేకుండా ఇండియా వెళ్తే సాధారణంగా దరఖాస్తు వదులుకున్నట్టే. పిల్లలను తీసుకుని చెప్పకుండా వెళ్తే అది పిల్లల అపహరణ కేసు కావచ్చు. ముందు ఇక్కడి కోర్టు ఉత్తర్వు తెచ్చుకోండి. అతనే పిల్లలను తీసుకుపోతాడన్న భయం ఉంటే, పిల్లలు అమెరికా పౌరులైతే, వాళ్ల పేరు మీద పాస్‌పోర్టు దరఖాస్తు పడితే మీకు తెలిపే ఏర్పాటు అమెరికా విదేశాంగ శాఖలో ఉంది. నమోదు చేయించుకోండి.

ఇండియాలో దింపేసి వెళ్లిపోతే

సెలవులకని తీసుకొచ్చి, పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు తీసుకుని ఒక్కడే విమానం ఎక్కేసే భర్తలున్నారు. అలా జరిగినా ఆశ వదులుకోనక్కర్లేదు. అతను పౌరుడో గ్రీన్ కార్డుదారుడో అయి, హింసలో కొంతైనా అమెరికా గడ్డ మీద జరిగి ఉంటే ఇండియా నుంచే ఐ-360 వేయొచ్చు. ఆ రోజే దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లో పాస్‌పోర్టు పోయిన ఫిర్యాదు, హింస గురించిన ఫిర్యాదు విడివిడిగా రాయించండి. 2024 జూలై 1 నుంచి పాత 498ఏ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ వర్తిస్తోంది. జాతీయ మహిళా కమిషన్‌లోని ఎన్ఆర్ఐ విభాగానికి, భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌కు కూడా రాయండి. గ్రీన్ కార్డు ఉన్నవారు బయట ఏడాది దాటకుండా చూసుకోవాలి. దాటితే తిరిగి రావడానికి వేరే వీసా తెచ్చుకోవాల్సి వస్తుంది.

ఇటు ఆ ఫిర్యాదులు నడుస్తుండగానే అమెరికాలోని ఏ కోర్టులోనైనా అతను విడాకులు వేశాడేమో, అతను ఉంటున్న కౌంటీ కోర్టు రికార్డుల్లో మీ పేరుతో వెతికించండి. చాలా కౌంటీల్లో ఆన్‌లైన్‌లోనే కనిపిస్తుంది. కేసు నంబరు దొరికిన రోజే జవాబు వేయించాలి.